పూండి గోడ మీద పదిహేను లక్షల ఏళ్లు

1863 మే 30న మద్రాసు పక్కన పల్లావరంలో కంకర గుంట దగ్గర రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్తకు చెక్కిన రాయి ఒకటి దొరికింది. పాతరాతి యుగపు మనుషులు మన దేశంలో తిరిగారనడానికి గుర్తింపు పొందిన తొలి సాక్ష్యం అదే. అదే ఏడు సెప్టెంబరులో ఫూట్, ఆయన సహచరుడు విలియం కింగ్ కలిసి ఇప్పటి తిరువళ్లూరు జిల్లాలోని అత్తిరంపాక్కం చేరారు. అక్కడి వాగు గట్లలో అలాంటి రాళ్లు కుప్పలుగా బయటపడ్డాయి. నూట అరవై ఏళ్లుగా ఆ నేలను తవ్వుతూ, కొలుస్తూ, చర్చిస్తూనే ఉన్నారు. దాని గురించి ప్రపంచ ప్రసిద్ధ పత్రికల్లో వ్యాసాలు వచ్చాయి. అయినా తిరువళ్లూరు బస్టాండులో నిలబడి అడిగితే ఆ ఊరి పేరు ఎందుకు గొప్పదో చెప్పగలిగేవారు చాలా తక్కువమంది.

ఆ జిల్లాలో ఉన్నవన్నీ లెక్కపెడితే ఆశ్చర్యం వేస్తుంది. పూండి జలాశయం దగ్గర తమిళనాడు పురావస్తు శాఖ నడిపే పూర్వచరిత్ర మ్యూజియం ఉంది. దానికి కొంత దూరంలో అల్లికుళి కొండల్లో గుడియం గుహలున్నాయి. పట్టరైపెరుంబుదూరులో రాష్ట్ర పురావస్తు శాఖ 2015-16లో మొదలుపెట్టిన తవ్వకాల్లో తమిళ బ్రాహ్మీ అక్షరాలున్న కుండపెంకులు, మట్టి వరల బావులు బయటపడ్డాయి. తిరువాలంగాడు గుడిలో 1905లో రాజేంద్ర చోళుడి రాగి శాసనాలు దొరికాయి. తిరుత్తణిలో కొండ మీద సుబ్రహ్మణ్యస్వామి, కింద పల్లవ అపరాజితుడి కాలం నాటి వీరట్టానేశ్వరాలయం ఉన్నాయి. మొదటి రాతి చేతిగొడ్డలి నుంచి పల్లవుల గుడి దాకా ఈ చోట్లన్నీ ఒక రోజు ప్రయాణంలో చూసి రావచ్చు. ఇంత కథను మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న ఒక పోస్టరు మీద, పెద్దగా చదువుకోని యాత్రికుడికి కూడా అందేలా ఎలా చెప్పాలి? మ్యూజియం గోడలకు, బడిలో జరిగే వారసత్వ వారోత్సవాలకు, గుడి దగ్గర నిలబెట్టే బోర్డులకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే. దీని మీద దేశంలోనూ బయటా చెప్పుకోదగ్గ ఆలోచన జరిగింది. దాన్ని ఈ నేలకు అన్వయించి చూడటమే ఈ వ్యాసం పని.

మన దేశంలో రక్షిత కట్టడాల దగ్గర అందరికీ బాగా తెలిసినది నీలం బోర్డు. 1958 చట్టం ప్రకారం ఇది జాతీయ ప్రాముఖ్యం గల కట్టడం, పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా అని అది చెబుతుంది. ఆ హెచ్చరిక అవసరమే. కానీ చాలాచోట్ల సందర్శకుడు చదివే మొదటి మాటా, చివరి మాటా అదే అవుతుంది. రెండో రకం బోర్డు రాజవంశం, శతాబ్దం, శైలి చెప్పి ఊరుకుంటుంది. రాజుల పేర్లు ముందే తెలిసినవాడికి అది పనికొస్తుంది, తెలియనివాడికి అందులో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఫ్రీమన్ టిల్డెన్ అనే అమెరికన్ రచయిత 1957లోనే దీని మీద ఒక పుస్తకం రాశాడు. చూసేవాడి అనుభవంతో ముడిపడని వివరణ వృథా అన్నది అందులో ఆయన పెట్టిన మొదటి సూత్రం. 2008లో వారసత్వ కట్టడాల పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఇకోమాస్ ఆమోదించిన ఎనామ్ చార్టర్ ఇంకో అడుగు ముందుకు వేసింది. అందరికీ అందుబాటు, అర్థమయ్యే తీరు మొదటి సూత్రమైతే, చెప్పేది ఏ ఆధారాల మీద చెబుతున్నామో చూపాలన్నది రెండోది.

ఈ రెండో సూత్రమే మన పోస్టర్లలో బాగా తగ్గిపోయిందని నా నమ్మకం. 'ఎప్పటిది' అని చెబుతాం, 'ఎలా తెలిసింది' అన్నది వదిలేస్తాం. పిల్లలు అడిగేది మాత్రం రెండోదే. ఈ రాయి ఇన్ని లక్షల ఏళ్లది అని రాసి ఉంటే, ఎనిమిదో తరగతి పిల్లవాడి నోట వచ్చే మొదటి మాట "ఎవరు లెక్కపెట్టారు?" అనే. దానికి సమాధానం అదే పోస్టరు మీద దొరకాలి.

అత్తిరంపాక్కం దీనికి మంచి పరీక్ష. 1999 నుంచి శాంతి పప్పు, ఆమె సహచరులు చెన్నైలోని శర్మ సెంటర్ ఫర్ హెరిటేజ్ ఎడ్యుకేషన్ తరఫున అక్కడ తవ్వారు. 2011లో 'సైన్స్' పత్రికలో వచ్చిన వారి వ్యాసం ప్రకారం అక్కడి అషూలియన్ (తొలి పాతరాతి యుగపు) చేతిగొడ్డళ్ల వయసు సగటున సుమారు 15 లక్షల ఏళ్లు, ఎంత తగ్గించి లెక్కగట్టినా 10 లక్షలకు పైమాటే. 2018లో 'నేచర్' పత్రికలో రెండో వ్యాసం వచ్చింది. పెద్ద గొడ్డళ్లు తగ్గి, ముందే సిద్ధం చేసుకున్న రాతి నుంచి పెచ్చులు లేపే మధ్య పాతరాతి యుగపు పద్ధతి అక్కడ సుమారు 3,85,000 ఏళ్ల కిందటే మొదలైందని ఏడు వేలకు పైగా పనిముట్లను పరిశీలించి అందులో చెప్పారు. ఆ సంఖ్యకు అటూ ఇటూ 64,000 ఏళ్ల తేడా ఉండవచ్చని కూడా వాళ్లే రాశారు.

ఇవి కొలిచిన తీరును నాలుగు వాక్యాల్లో చెప్పవచ్చు. నేల పైన పడి ఉన్న రాయిలోని క్వార్ట్జ్‌ను ఆకాశం నుంచి వచ్చే కిరణాలు తాకి అల్యూమినియం, బెరీలియంలలో అరుదైన రకాలను పుట్టిస్తాయి. రాయి మట్టిలో లోతుగా కూరుకుపోయాక ఆ పుట్టుక ఆగిపోతుంది, ఉన్నవి వేర్వేరు వేగాలతో తరిగిపోతాయి. రెండింటి నిష్పత్తి కొలిస్తే ఎప్పుడు కూరుకుపోయిందో తెలుస్తుంది. మట్టి రేణువు చివరిసారి ఎండ చూసింది ఎప్పుడో చెప్పే పద్ధతి ఇంకొకటి ఉంది, 2018 లెక్కకు వాడింది అదే. ఈ నాలుగు వాక్యాలకు తోడు గొయ్యి గోడ పొరలు చూపే బొమ్మ ఒకటి ఉంటే చాలు. 64,000 ఏళ్ల తేడాను దాచిపెట్టనక్కర్లేదు. సంఖ్య చుట్టూ పలుచని పట్టీ గీసి "ఈ పట్టీలో ఎక్కడైనా ఉండవచ్చు" అని రాస్తే పిల్లలకు సైన్సు పట్ల నమ్మకం పెరుగుతుందే గాని తగ్గదు. అక్కడ జంతువుల పళ్లు దొరికాయి గాని మనిషి ఎముక దొరకలేదు, కాబట్టి ఆ గొడ్డళ్లు చెక్కింది ఏ మానవజాతో చెప్పలేం. ఆ మాట కూడా పోస్టరు మీద ఉండాలి. పిల్లవాడు పెద్దయ్యాక వెతకడానికి ఒక పని మిగిలి ఉందని తెలుస్తుంది.

మరి లక్షల ఏళ్లను కంటికి ఎలా చూపడం? అడ్డగీత మీద చుక్కలు పెట్టే పద్ధతి ఇక్కడ పనిచేయదు, చివరి రెండు వేల ఏళ్లు గీత చివర ఒకే చుక్కలో కలిసిపోతాయి. ఈ ప్రాంతం వాళ్లందరికీ కాళ్లకు తెలిసిన కొలత ఒకటుంది, అది తిరుత్తణి కొండకు ఉన్న 365 మెట్లు. పదిహేను లక్షల ఏళ్లను ఆ మెట్లకు పంచితే ఒక్కో మెట్టుకు ఇంచుమించు 4,100 ఏళ్లు వస్తాయి. చేతిగొడ్డలి చెక్కిన మనిషి మొదటి మెట్టు మీద ఉంటాడు. మధ్య పాతరాతి యుగం మొదలయ్యేసరికి 271 మెట్లు ఎక్కేసి ఉంటాం. రెండు వేల ఏళ్ల నాటి వరల బావి ఆఖరి మెట్టు సగంలో ఉంటుంది. అపరాజితుడి గుడి ఆ మెట్టు చివరి మూడో వంతులో వస్తుంది. గొయ్యిలోనూ పాతది అడుగున, కొత్తది పైన ఉంటుంది గనుక మెట్ల బొమ్మ, పొరల బొమ్మ ఒకదాని పక్కన ఒకటి కింద నుంచి పైకి చదవవచ్చు. మెట్లు పూజకు సంబంధించినవి, వాటి మీద ఏదీ అంటించకూడదు. బొమ్మ పూండి గోడ మీదో బడి గోడ మీదో ఉంటే చాలు, కావడి ఎత్తి మెట్లెక్కినవాడికి ఆ దూరం వెంటనే తెలుస్తుంది.

ఇక బొమ్మల విషయం. పురావస్తు శాస్త్రజ్ఞులు రాతి పనిముట్టును గీసే పద్ధతి ఒకటుంది. వెలుగు ఎడమ పై మూల నుంచి పడుతున్నట్టు, ఒక్కో పెచ్చు లేచిన గుంటలో వంపు గీతలతో ముందు, పక్క, వెనక గీస్తారు. నేర్చుకున్నవాడికి అది ఎంతో చెబుతుంది. మిగతావాళ్లకు మాత్రం ఎండిన ఆకుల్లా కనిపిస్తుంది. సామాన్యుడి కోసం పెట్టే పోస్టరులో అదే రాయిని మనిషి చేతిలో పట్టుకున్న ఫోటో ముందు రావాలి, దాని పక్కన సెంటీమీటర్ల కొలబద్ద, ఆ తర్వాతే ఆ గీతల బొమ్మ. చేయి పక్కన ఉంటే పరిమాణమూ, వాడకమూ మాట లేకుండా అర్థమవుతాయి. పట్టరైపెరుంబుదూరు బావికైతే ఇంకా తేలిక. సిమెంటు వరలు దింపి బావి కట్టించుకున్న ఇళ్లు ఈ పల్లెల్లో ఇప్పటికీ ఉన్నాయి. నేటి సిమెంటు వర, నాటి మట్టి వర పక్కపక్కన, అసలు కొలతతో గోడంత ఎత్తున అచ్చువేస్తే చూడటానికి వచ్చిన అవ్వే మనవడికి మిగతా కథ చెప్పేస్తుంది.

వీరట్టానేశ్వరాలయం గర్భగుడి వెనక భాగం గుండ్రంగా, ఏనుగు వెనకభాగంలా వంగి ఉంటుంది. రేణిగుంట దగ్గరి గుడిమల్లం పరశురామేశ్వరాలయం కూడా ఆ తీరుదే. రెండు గుళ్ల నేలపథకాలు, అంటే పై నుంచి చూసిన గీతలు, ఒకే కొలతలో పక్కపక్కన పెడితే ఆ పోలిక వివరించనక్కర్లేదు. అందులోనే తెలుగు, తమిళ ప్రాంతాల గుడి నిర్మాణం ఎంత దగ్గరగా నడిచిందో కూడా కనిపిస్తుంది.

పెద్ద బొమ్మ, చిన్న పాఠం అనే ఈ ఏర్పాటు మనకు కొత్తది కాదు. తిరుత్తణికి ఉత్తరాన ఉన్న శ్రీకాళహస్తి కలంకారీ తెరల్లో మధ్యన పెద్ద బొమ్మ, చుట్టూ వరసల్లో చిన్న గళ్లు, ఒక్కో వరస కింద సన్నని పట్టీలో తెలుగు అక్షరాలు ఉంటాయి. దూరం నుంచి రాముణ్ణో కృష్ణుణ్ణో గుర్తుపడతాం, దగ్గరికొస్తే కథ వరస కనిపిస్తుంది, ఇంకా దగ్గరికొస్తే పాఠం చదువుతాం. మూడు దూరాలు, మూడు స్థాయిలు. నేటి పోస్టరు రూపకర్తలు చెప్పే నియమం కూడా ఇదే. శీర్షికే ఒక పూర్తి వాక్యమై అసలు విషయం చెప్పేయాలి, బొమ్మ దాన్ని నిరూపించాలి, వివరాలు దగ్గరికి వచ్చినవాడి కోసం ఉండాలి. 'పాతరాతి యుగ సంస్కృతి' అనే శీర్షిక పెడితే ఏమీ చెప్పినట్టు కాదు. 'ఈ రాయిని మనిషి చెక్కాడు, నది కాదు' అన్నామా, అటుగా పోయేవాడు ఆగుతాడు.

పాఠం ఎంత ఉండాలి? స్వీడన్‌లో మార్గరెటా ఎకార్వ్ మ్యూజియంల కోసం తయారుచేసిన పద్ధతిలో పొట్టి వాక్యాలు, ఒక్కో పంక్తికి నలభై అయిదు అక్షరాలకు మించని కొలత, మనిషి మాట్లాడుతూ ఊపిరి తీసుకునే చోటే పంక్తి విరగడం ముఖ్యం. గట్టిగా చదివి, సవరించి, మళ్లీ చదవడం కూడా అందులో భాగమే. ఈ పద్ధతి తెలుగుకు బాగా సరిపోతుంది. మన వాక్యంలో క్రియ చివరికి వస్తుంది కాబట్టి వాక్యం పొడుగైతే చదివేవాడు క్రియ కోసం ఎదురుచూస్తూ మధ్యలో అలసిపోతాడు. పూండి లాంటి చోటికి నేనైతే ఇలా రాస్తాను:

"ఈ రాయిని ఎవరో చెక్కారు.
పది లక్షల ఏళ్లకు పైమాటే.
అంచు చూడండి, రెండు వైపులా పెచ్చులు లేచాయి.
నదిలో దొర్లిన రాయి నున్నగా ఉంటుంది, ఇలా ఉండదు.
పక్కన ఉన్న నమూనాను చేత్తో పట్టుకుని చూడండి."

అక్షరాల పరిమాణం దగ్గర మనవాళ్లు తరచుగా తప్పటడుగు వేస్తారు. పది అడుగుల దూరం నుంచి హాయిగా చదవాలంటే అక్షరం అంగుళం ఎత్తు ఉండాలన్న పాత బోర్డుల లెక్క ఇంగ్లిష్ పెద్దక్షరాల కోసం పుట్టింది. తెలుగు అక్షరానికి పైన గుణింతం, కింద ఒత్తు ఉంటాయి. ఫాంటు వాటికి చోటు వదలాలి గనుక అదే పాయింటు సైజులో అసలు అక్షరం చిన్నదైపోతుంది. మూడు భాషల బోర్డులో అన్నిటికీ ఒకే సైజు పెడితే తెలుగే నష్టపోతుంది. పంక్తుల మధ్య ఎడం కూడా ఎక్కువ కావాలి, లేకపోతే పై పంక్తి ఒత్తులు కింది పంక్తి గుడులను గుద్దుకుంటాయి. తమిళానికి ఇబ్బంది వేరే. ఒత్తులు ఉండవు, అక్షరాలు వెడల్పు, మాటలు పొడుగు, కాబట్టి దానికి అడ్డంగా చోటు కావాలి. ఇంగ్లిష్ పాఠానికి గళ్లు కట్టి, మిగతా రెండు భాషలను అందులో ఇరికించే అలవాటు వల్లే బోర్డులు చదవలేనంత కిక్కిరిసిపోతాయి. ముందు తెలుగు, తమిళ పాఠాలకు గళ్లు కట్టాలి, ఇంగ్లిష్ ఎక్కడైనా సర్దుకుంటుంది.

అచ్చు దగ్గర ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. ఫ్లెక్స్ దుకాణాల్లో చాలావరకు పాత అను ఫాంట్లే వాడుతారు. యూనికోడ్ పాఠాన్ని పాత సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే ఒత్తులు విడిపోయి పొల్లులుగా పడతాయి. ఇన్‌డిజైన్‌లో కూడా వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే ఇదే జరుగుతుంది. భాష రాని ఆపరేటరుకు అది తప్పని కూడా తెలియదు. కాబట్టి శీర్షికకు రామభద్ర, పాఠానికి మండలి లేదా నోటో సాన్స్ లాంటి యూనికోడ్ ఫాంటు ఎంచుకుని, తెలుగు చదవగలిగిన మనిషి కాగితం మీద అచ్చు చూశాకే పెద్ద ప్రింటు తీయాలి. ఆరుబయట పెట్టేదానికి మెరుపు లేని లామినేషన్ వేయించాలి. ఎండకు ముందుగా వెలిసిపోయేవి పసుపు, ఎరుపు సిరాలు కాబట్టి ముఖ్యమైన అక్షరం నలుపులోనో ముదురు నీలంలోనో ఉండాలి.

ఏ భాషల్లో అన్నది ఇక్కడ సున్నితమైన ప్రశ్నే. తిరుత్తణి 1960 మార్చి వరకు చిత్తూరు జిల్లాలో ఉంది. రెండు రాష్ట్రాల సరిహద్దు వివాదం మీద వచ్చిన పటాస్కర్ తీర్పు మేరకు సరిహద్దులు మారి ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఆ సరిహద్దు కోసం జరిగిన పోరాటాల జ్ఞాపకం రెండు వైపులా ఉంది. తమిళానికి మొదటి స్థానం ఇవ్వడం న్యాయం, అది ఆ నేల పాలనా భాష, ఎక్కువమంది చదివే భాష. అలాగే తిరుత్తణి, పళ్లిపట్టు వైపు పల్లెల్లో తెలుగు ఇళ్లు తరతరాలుగా ఉన్నాయి. ఆడి కృత్తిక పండగకు చిత్తూరు, తిరుపతి వైపు నుంచి కావళ్లతో వచ్చే భక్తులు తెలుగే చదువుతారు. కుశస్థలి నది చిత్తూరు వైపు కొండల నుంచి దిగి పూండి చేరుతుంది, చేతిగొడ్డళ్ల మనుషులకు సరిహద్దు అనేదే లేదు. రెండో భాషగా తెలుగు ఉండటం ఒకరికి ఇచ్చి ఇంకొకరి దగ్గర తీసుకోవడం అవదు. చోటు చాలకపోతే మూడు భాషలనూ ఒకే పలక మీద కుక్కకుండా ఒకే బొమ్మతో వేర్వేరు పలకలు పెట్టవచ్చు. క్యూఆర్ కోడు వెనక తెలుగు పాఠం, మాటల్లో రికార్డు చేసిన వివరణ ఉంచవచ్చు. కోడు అదనపు సాయమే గాని పోస్టరు పని మాత్రం పోస్టరే చేయాలి. కొండ మీద పండగ రోజు ఫోనుకు సిగ్నలు అందకపోవచ్చు.

అందుబాటు అన్న మాట మన దగ్గర తరచుగా ర్యాంపు దగ్గరే ఆగిపోతోంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ సాంస్కృతిక జీవితంలో పాలుపంచుకోవడాన్ని హక్కుగా చెబుతుంది. పోస్టరు మట్టుకు దాని అర్థం స్పష్టంగానే ఉంది. అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా, వెబ్ ప్రమాణాలు చెప్పే 4.5కి 1 కంటే తగ్గకూడదు. గుడి ఫోటో మీద నేరుగా అక్షరాలు అచ్చువేసే ఫ్యాషన్ ఈ ఒక్క లెక్కతో ఆగిపోవాలి. మట్టి పొరలు చూపేటప్పుడు ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన పెడితే ఆ రంగులు విడివిడిగా కనిపించనివారికి రెండూ ఒకటే. ఒక పొరకు చుక్కలు, ఇంకోదానికి గీతలు వేస్తే సరిపోతుంది. చక్రాల కుర్చీలో ఉన్నవారికీ, నిలబడినవారికీ, పిల్లలకీ అందాలంటే పలక మధ్యభాగం నేల నుంచి సుమారు 137 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలని స్మిత్‌సోనియన్ సూచిస్తుంది.

చూపు లేనివారి కోసం ఢిల్లీ నేషనల్ మ్యూజియం 2015 డిసెంబరులో 'అనుభవ్' అనే స్పర్శ గ్యాలరీ తెరిచింది. తిరువళ్లూరు జిల్లాకు ఇందులో గొప్ప సౌలభ్యం ఉంది, ఇక్కడి ముఖ్యమైన వస్తువే చేత్తో పట్టుకోవడానికి చెక్కినది. క్వార్ట్జైట్ గొడ్డలి నమూనాను గొలుసుతో పోస్టరు పక్కన కట్టి, దాని కింద తమిళ, తెలుగు బ్రెయిల్ రాస్తే, చూపున్నవాడికంటే చూపు లేనివాడికే ముందు అర్థమవుతుంది. చూపున్నవాళ్లు కూడా దాన్నే ముందు పట్టుకుంటారు.

గుడి దగ్గర పెట్టే పోస్టరుకు ఇంకో చిక్కు ఉంది. సూరపద్ముడితో యుద్ధం తర్వాత సుబ్రహ్మణ్యుడి కోపం చల్లారిన చోటు తిరుత్తణి అని భక్తులు నమ్ముతారు. కింద వీరట్టానేశ్వరాలయాన్ని అపరాజితుడి 18వ పాలనా సంవత్సరంలో నంబి అప్పి రాతితో కట్టించాడని శాసనం చెబుతుంది, అక్కడి వెణ్బా పద్యం రాజే రాశాడని కూడా చెబుతుంది. ఈ రెండూ వేర్వేరు రకాల మాటలు. ఒకదాన్ని చరిత్రగా, ఇంకోదాన్ని కట్టుకథగా చూపితే యాత్రికుడు నొచ్చుకుని వెళ్లిపోతాడు. కలిపేస్తే శాసనం విలువ పోతుంది. "భక్తులు ఇలా చెప్పుకుంటారు", "రాతి మీద ఇలా ఉంది" అని రెండు గళ్లుగా, రెండింటికీ సమాన గౌరవంతో, శాసనం ఫోటోతో సహా పెట్టడం మేలు. గుడియం గుహలోనూ అమ్మవారికి పూజలు జరుగుతాయి. అక్కడ పెట్టే పలక పూజారికి, పల్లెవాళ్లకు ముందు చూపించాలి.

చాలా వస్తువులు ఇప్పుడు ఈ ఊళ్లలో లేవు. ఫూట్ సేకరణను 1904లో మద్రాసు మ్యూజియం కొనుక్కుంది. తిరువాలంగాడు రాగి రేకులు కూడా చెన్నైలోనే ఉన్నాయి. ఊళ్లో మిగిలింది నేల మాత్రమే. అలాంటిచోట పోస్టరు మీద వస్తువు అసలు కొలతతో కనిపించాలి, అది ఇప్పుడు ఎక్కడుందో, అక్కడికి ఎలా వెళ్లాలో ఉండాలి. ఇంకా నేల మీద పడి ఉన్న రాళ్ల సంగతి దీనికంటే ముఖ్యం. చేతిగొడ్డలిని గుర్తుపట్టడం నేర్పిన పోస్టరే దాన్ని జేబులో వేసుకోవడం కూడా నేర్పుతుంది. కాబట్టి ఆ బొమ్మ పక్కనే, అదే పలక మీద, రాయి ఏ పొరలో ఏ రాళ్ల పక్కన ఉందో తెలిస్తేనే వయసు కట్టగలమనీ, తీసిన మరుక్షణం అది ఒట్టి రాయి అవుతుందనీ రాయాలి. జైలు, జరిమానా గురించి చెప్పినదానికంటే ఇది ఎక్కువగా ఆపుతుందని నేను అనుకుంటున్నాను.

చివరగా అచ్చుకు ముందు చేయాల్సిన పని ఒకటుంది, ఖర్చు దాదాపు లేనిది. పాఠాన్ని ఏ3 కాగితాల మీద నలుపు తెలుపులో తీసి, పూండిలోనో తిరుత్తణి బడిలోనో గోడకు అంటించి, ఒక పిల్లవాణ్ణి, ఒక రైతును, కళ్లజోడు లేకుండా వచ్చిన ఒక అవ్వను నిలబెట్టి చదివించాలి. చదివాక "ఏం తెలిసింది?" అని అడిగి, వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. ఎక్కడ తడబడ్డారో, ఏ మాట దగ్గర పక్కవాణ్ణి అడిగారో గుర్తు పెట్టుకోవాలి. ఆ వాక్యాలు తీసేసి, వాళ్లు వాడిన మాటలతో మళ్లీ రాసి, ఇంకో ముగ్గురికి చదివించాకే ఫైలు ప్రెస్సుకు పంపాలి.